అజంతా కుడ్యచిత్రాలకు తైలవర్ణ ప్రతికృతులు

పూర్వులు వేసిన చిత్రాన్ని ఎదుట పెట్టుకొని దానిని తిరిగి చిత్రించటం చిత్రకళాభ్యాసంలో చాలా పాత పద్ధతి. గురువు పాడిన కీర్తనను శిష్యుడు అదే బాణీలో పాడి గొంతులో నిలుపుకొన్నట్లే, చిత్రకారుడు ఇతరుల చేతి పనిని తన చేతితో మరల చేసి తెలుసుకొంటాడు. ఇది ప్రారంభ దశలోని విద్యార్థులకే చెందిన పని అనుకోరాదు. ఐరోపాలో సాటిలేని పేరు గడించిన రూబెన్స్, 51 ఏండ్ల వయస్సులో, 1628-29 సంవత్సరాలలో మాడ్రిడ్ నగరంలో ఉన్న కాలంలో, టీషియన్ చిత్రాలను వరుసగా నకలు తీసినాడు. ఆదాము, హవ్వల చిత్రానికి అతడు తీసిన నకలు, మూలచిత్రం రెండూ ఈనాడు అక్కడి ప్రాదో ప్రదర్శనశాలలోనే ఉన్నవి. నకలులో రూబెన్స్ ఆదాము కూర్చున్న తీరును కొంచెం మార్చి, మూలంలో లేని ఒక చిలుకను చెట్టుపై చేర్చినాడు. కేవలం అనుకరణమే అయితే ఆ చిలుక ఎందుకు?

ఇట్టి ప్రతికృతుల చరిత్రలో మన దేశానికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. అజంతా గుహలలోని చిత్రాలను తైలవర్ణాలలో కాన్వాసు మీదికి ఎక్కించటానికి 1844 మొదలు 1885 వరకు, నడుమ విరామాలతో, నలభై యేండ్లు ప్రయత్నం జరిగింది. దాని ఫలితంలో పెద్ద భాగం రెండుసార్లు లండనులో బూడిద అయినది. మిగిలినది మూలచిత్రాలను గురించి మనకు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో విచారించదగిన విషయం.

అజంతా గుహలు వాఘోరా అనే చిన్న యేరు గుర్రపు లాడం ఆకారంలో మలుపు తిరిగే లోయలో, నిట్రంగా నిలిచిన కొండచరియలో తొలచినవి. మొత్తం ముప్పయి దాకా ఉన్నవి. వానిలో 9, 10 సంఖ్యల గుహలు శాతవాహనుల కాలంనాటివి. అంటే మన అమరావతి స్తూపానికి సమీప కాలంలోనివి. 1, 2, 16, 17 గుహలలోని ప్రసిద్ధ చిత్రాలు ఎక్కువగా క్రీస్తుశకం 5వ శతాబ్దంలో వాకాటక రాజుల నాటివి. తరువాత ఆ చోటు బయటి ప్రపంచం దృష్టిలో నుండి జారిపోయినది. 1819 ఏప్రిల్ నెలలో మద్రాసు సైన్యానికి చెందిన జాన్ స్మిత్ అనే అధికారి అక్కడకు వెళ్ళి, 10వ గుహలో తన పేరును, తేదీని గీకినాడు. ప్రాచీన చిత్రం మీద పేరు చెక్కుకొనే అలవాటు ఈనాటిది కాదని దీనివల్ల తెలుస్తున్నది!

వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ 1839లో గుహలను చూచి, 1843లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ ముందు ఒక వ్యాసం చదివినాడు. చిత్రాలు నశించిపోతున్నవనీ, నశించేలోగా వానికి నకళ్ళు తీయించవలసినదనీ అతని వాదం. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు అంగీకరించి 1844లో ఆ పనికి మద్రాసు సైన్యంలోని కెప్టెన్ రాబర్ట్ గిల్ అనే చిత్రకారుని నియమించినారు.

గిల్ నకళ్ళు తీయటానికి తైలవర్ణాలనే ఎందుకు వాడినాడు? రంగులను చూపగల ఛాయాచిత్రం ఆనాటికి లేదు. డాగ్యుర్ పద్ధతి 1839లోనే ప్రకటితమైనది గాని, అది నలుపు తెలుపుల పద్ధతి, అందులోనూ చీకటి గుహలో పనికిరానిది. నీటిరంగుల చిత్రాలకు కాగితం కావలె. గోడ అంత కాగితం దొరకదు, దొరికినా వానకాలపు తేమకు నిలువదు. కాన్వాసు మీద నూనెరంగుతో వేసిన చిత్రమయితే ఎంత పెద్దదైనా వేయవచ్చును. ఆరిన తరువాత చుట్ట చుట్టి బండిమీద, ఓడమీద పంపవచ్చును. అవిసె నూనె పొర కొన్ని యేండ్లపాటు తోలువలె వంగుతుంది గాని పెళ్ళలుగా రాలదు. నకళ్ళు లండను చేరవలె గనుక ఇది చిన్న విషయం కాదు.

గిల్ అజంతా గ్రామంలో నివాసం ఏర్పరచుకొని, సుమారు ఇరవై యేండ్లు ఈ పనిలో గడిపినాడు. చిత్రాలను మూలంలో ఉన్న పరిమాణంలోనే తీసినాడు. గుహలోపల వెలుతురు తక్కువ, గబ్బిలాలు ఎక్కువ. తాను వేసే రంగును ఏ వెలుగులో చూస్తున్నాడో, గోడను కూడా అదే వెలుగులో చూడకపోతే రంగు కుదరదు. దీపం పసుపుపచ్చగా వెలిగితే నీలం నల్లగా కనిపిస్తుంది. ఈ అవస్థలో తీసిన సుమారు ముప్పయి పెద్ద పటాలు ఇంగ్లండు చేరినవి. వానిని సిడెన్‌హామ్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు మందిరంలో ప్రదర్శనకు పెట్టినారు. 1866 డిసెంబరు 30వ తేదీన ఆ మందిరంలో ఒక భాగం తగులబడింది. ప్రదర్శనలో లేక వేరొక చోట ఉన్న నాలుగైదు పటాలు తప్ప తక్కినవన్నీ పోయినవి. వానిలో కొన్నింటికి 1856లో శ్రీమతి స్పియర్ ప్రకటించిన ప్రాచీన భారత జీవితాన్ని గురించిన గ్రంథంలో చిన్న చిన్న రేఖాచిత్రాలు అచ్చయినవి. అంతటి శ్రమకు పుస్తకరూపంలో మిగిలిన గుర్తు అంతే.

గిల్ అప్పటికి కుంచెతోపాటు కెమెరా కూడా పట్టినాడు. అతడు తీసిన జంట ఛాయాచిత్రాలు 1864లో ఫెర్గుసన్ సహకారంతో పుస్తకంగా వెలువడినవి. 1879లో మరణించి భుసావల్‌లో ఖననమైనాడు.

రెండవ ప్రయత్నాన్ని గురించి చెప్పే ముందు, గోడ మీది చిత్రాన్ని నూనెరంగులోకి మార్చటంలో ఉన్న చిక్కు ఎట్టిదో చూడవలె. ఇది చూడకుండా ఈ నకళ్ళ గుణదోషాలు అర్థం కావు.

అజంతా గోడ ముందుగా గరుకుగా ఉలితో చెక్కినది. దానిపై ఇనుము పాలు గల మట్టిలో రాతి నుసి, ఊక, గడ్డి, నార మొదలయిన వానిని కలిపి మెత్తినారు. దానిమీద మరింత మెత్తని పూత, దానిపైన పలుచని తెల్లని పూత. ఈ పూత ఆరిన తరువాతనే రంగులు వేసినారు. మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాల రసాయనజ్ఞుడు ఎస్. పరమశివన్ 1930 దశకంలో ఈ పూతలను, రంగులను పరీక్షించి, ఇది తడి సున్నంమీద వేసే ఇటలీ 'ఫ్రెస్కో' పద్ధతి కాదనీ, జిగురు కలిపిన రంగులను ఆరిన గోడపై పూసిన పద్ధతి అనీ నిర్ధారణ చేసినాడు. రంగులు చాలా కొద్ది: జేగురు ఎరుపు, పసుపుమన్ను, దీపపు మసి, సున్నం, సుద్ద వంటి తెలుపులు, ఆకుపచ్చ మన్ను. ఇవన్నీ దగ్గరలో దొరికేవే. నీలం ఒక్కటి మాత్రం రాజావర్తమనే రాయిని నూరి తీసినది. అది ఆఫ్ఘనిస్థానంలోని బదక్షాన్ గనులనుండి రావలసిన సరకు.

ఈ రంగునే, ఇంత మన్నునే, నూనెలో కలిపితే అదే రంగు రాదు. మనవాళ్ళు ఇంటికి వెల్ల వేసేటప్పుడు చూచే ఉంటారు. తడిగా ఉన్నంతసేపు వెల్ల పలుచగా, లోపలి గోడ కనిపించేటట్లు ఉంటుంది. ఆరిన తరువాత తెల్లగా తేలుతుంది. సున్నపు రేణువుల నడుమ నీరు ఉన్నప్పుడు వెలుతురు చాలావరకు లోపలికి చొచ్చుకుపోతుంది. నీరు పోయి ఆ చోటికి గాలి వచ్చినప్పుడు రేణువుల అంచులవద్ద వెలుతురు చెదరి మన కంటికి తిరిగి వస్తుంది. కారణం వక్రీభవన గుణకంలోని భేదం. గాలికి అది 1, సుద్దకు 1.5, 1.6 ప్రాంతం. భేదం ఎక్కువ గనుక చెదరటం ఎక్కువ, తెలుపు ఎక్కువ. అవిసె నూనెకు ఆ గుణకం సుమారు 1.48. సుద్దను నూనెలో కలిపితే భేదం దాదాపు లేకుండా పోతుంది. సుద్ద బూడిదవన్నె జిగురుముద్దవలె కనిపిస్తుంది. నూనెలో తెలుపు తెలుపుగా నిలవాలంటే గుణకం 2 దాకా ఉన్న సీసపు తెలుపు వంటిది కావలె.

కనుక అజంతా గోడ రంగు పొడిగా, మెరుపు లేకుండా, మట్టికుండ పైభాగంవలె వెలుతురును చెదరగొడుతుంది. నూనెరంగు తడిసిన మట్టికుండవలె లోతుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నకలు తీసేవాడు ప్రతి వన్నెలోను తెలుపు కలిపి తేర్చవలె. నూనె తగ్గించి టర్పెంటైనుతో పలుచన చేయవలె. అయినా గోడకు, కాన్వాసుకు మధ్య ఒక తెర మిగులుతుంది.

కాలక్రమంలో ఆ తెర మందమవుతుంది. అవిసె నూనె ఆరటమంటే నీరు ఆరినట్లు ఆవిరి కావటం కాదు. గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలవలె గట్టిపడటం. అందుచేత ఆరుతున్న నూనె బరువు తగ్గదు, పెరుగుతుంది! ఈ చర్య పైకి ఎండినట్లు కనిపించిన తరువాత కూడా ఏండ్ల తరబడి సాగుతుంది, నూనె పసుపుపచ్చబారుతుంది. చీకటిలో ఉంచితే మరింత పచ్చబారుతుంది, వెలుతురులో ఉంచితే కొంత తేరుకొంటుంది. చుట్టచుట్టి గిడ్డంగిలో పెట్టిన కాన్వాసు మీద రాజావర్తపు నీలం ఆకుపచ్చవైపు ఎందుకు మొగ్గుతుందో ఇప్పుడు ఊహించవచ్చును.

రంగు సంగతి ఇట్లుండగా, మానవాకృతి చిత్రణలో మరొక చిక్కున్నది. 1వ గుహలోని పద్మపాణి బోధిసత్త్వుని ఎవరైనా నూనెరంగులో తిరిగి వేయబూనితే మొదటిరోజుననే ఇది ఎదురవుతుంది. ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన చేయి ముందుగా వెలుతురు ఏ వైపునుండి వస్తున్నదని అడుగుతుంది. ముఖంలో ఒక చెంప వెలుగు, ఒక చెంప నీడ, మెడ క్రింద పడిన నీడ, ఇట్లా రూపాన్ని నిలబెడుతుంది. పద్మపాణిపై వెలుతురు ఏ వైపునుండీ రాదు. ఎక్కడ అవయవం గుండ్రంగా వెనుకకు తిరుగుతున్నదో అక్కడ వన్నె ముదురుతుంది. ఎక్కడ ముందుకు ఉబుకుతున్నదో, ముక్కు దూలంవంటి చోట, తేటపడుతుంది. నేలమీద గాని, దేహం మీద గాని పడిన నీడలు లేవు. రూపాన్ని అసలు పట్టి ఉంచినది రేఖ. కనుబొమ మొదలు వంచిన చూపు, త్రిభంగంగా ఒరిగిన నడుము, తామరపువ్వు పట్టిన వ్రేళ్ళు, ఇవన్నీ జిగురునీటిలో సులువుగా జారే కుంచెతో గీచిన గీతలు. చిక్కని నూనెరంగులో కుంచె అట్లా జారదు. గీత మధ్యలో తడబడితే తుడిచి వేయవచ్చును గాని, తుడిచివేసిన గీత మొదటి గీత కాదు. ఈ కష్టం అనుభవించినవానికే అజంతా చిత్రకారుని చేతివాటం ఎంతటిదో తెలుస్తుంది. నకలు తీయటంలోని అసలు లాభం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

బొంబాయిలోని సర్ జె.జె. కళాశాలలో ఉపాధ్యాయుడుగా 1865లో వచ్చిన జాన్ గ్రిఫిత్స్ దీనిని గుర్తించినాడు. గిల్ చిత్రాలు కాలిపోయిన తరువాత మరల నకళ్ళు తీయించే భారం అతనిపై పడింది. 1872లో ఆరంభించి, మధ్యలో కొన్ని యేండ్లు ఆగి, 1885 వరకు చలికాలపు నెలలలో విద్యార్థులతో అజంతాకు వెళ్ళి పని సాగించినాడు. గిల్ ఒంటరిగా చేసినది ఇక్కడ ఒక పాఠశాల పని అయినది. పెస్తన్‌జీ బొమన్‌జీ మొదలయిన భారతీయ విద్యార్థులు గోడల ముందు కూర్చొని చిత్రరచన నేర్చుకొన్నారు. ఆనాడు మన కళాశాలలలో గ్రీకు శిల్పాల పోతపోసిన బొమ్మలను చూచి గీయటమే అభ్యాసం. భారతీయ విద్యార్థి భారతీయ చిత్రాన్ని చూచి అభ్యసించవలెనని ఒక ఆంగ్ల ఉపాధ్యాయుడు పూనుకొనటం మెచ్చదగినది. 16వ గుహలోని, మరణశయ్యపై ఒరిగిన రాజకుమారి చిత్రంలోని భావప్రకటనకు అతడు ఐరోపా చిత్రాలలో కూడ సాటి చూపలేకపోయినాడు.

అన్నీ కలిసి సుమారు 300 చిత్రాలు తయారయినవి. కొన్ని 6 మీటర్ల పొడవు దాకా ఉన్నవి. పెళ్ళలు రాలిపోయిన చోట గోడ ఎట్లా ఉన్నదో అట్లాగే కాన్వాసు మీద కూడ మచ్చగా చూపినారు. చేయి పోయిన బొమ్మకు చేయి అతికించలేదు. చూపరులకు ఇది అందంగా ఉండదు. ఊహించి పూరించిన నకలు కంటికి నిండుగా ఉంటుంది గాని, తరువాత వచ్చే పరిశోధకుడు ఏది గోడ, ఏది ఊహ అని వేరుచేయలేడు. ఈ ఒక్క నిగ్రహం వల్లనే గ్రిఫిత్స్ పటాలు ఈనాటికీ సాక్ష్యంగా పనికివస్తున్నవి. 1880 ప్రాంతంలో గోడమీద ఎంత ఉన్నదో, ఇప్పుడు ఎంత ఉన్నదో పోల్చి చూడవచ్చును.

పటాలు లండనులోని సౌత్ కెన్సింగ్టన్ ప్రదర్శనశాలకు చేరినవి. 1885 జూన్‌లో అక్కడ అగ్నిప్రమాదం జరిగి వందకు పైగా కాలిపోయినవి. మిగిలిన వాని ఆధారంతో గ్రిఫిత్స్ 1896-97లో రెండు పెద్ద సంపుటాలు ప్రకటించినాడు. ప్రపంచానికి అజంతాను చాలాకాలం చూపినవి ఆ సంపుటాలే.

నకలు మూలాన్ని రక్షిస్తుందని చెప్పుకొన్నాము. అది మూలాన్ని చెరచటం కూడ జరిగింది. మసకబారిన గోడమీద రంగులు స్పష్టంగా కనబడటానికి నకళ్ళు తీసేవారు వార్నీషు పూసినారు. వార్నీషు పూయగానే వెల్లమీద నీళ్ళు చల్లినట్లు రంగులు లోతుగా పైకి తేలుతవి. పైన చెప్పిన కాంతిసూత్రమే దీనికి కారణం. కొన్ని యేండ్లలో ఆ వార్నీషు గోధుమవన్నెకు తిరిగి, పొగను, దుమ్మును పట్టి, బిగుసుకొని, క్రింది రంగును కూడ పెళ్ళలతో లాగినది. 1920-22లో నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇటలీ నిపుణులు చెక్కోని, ఓర్సీనీ రాలిపోతున్న పూతలను నేర్పుగా నిలబెట్టినారు గాని, వారు వాడిన లక్క పూత కూడ తరువాత పచ్చబారింది. భారత పురావస్తుశాఖ రసాయనజ్ఞులు దానిని తొలగించటానికి చాలా సంవత్సరాలు పాటుపడవలసి వచ్చినది. ఒక తరం మేలని చేసినదానిని మరొక తరం గీకి తీయటం పరిరక్షణశాస్త్రంలో మాటిమాటికీ కనిపించే విషయమే. అందుచేతనే ఈనాటి నిపుణులు తిరిగి తొలగించగల ద్రవ్యాలను మాత్రమే వాడవలెనంటారు.

నూనెరంగు అజంతాకు పొసగదని స్పష్టంగా గుర్తించి వేరు దారి పట్టిన వ్యక్తి శ్రీమతి క్రిస్టియానా హెరింగ్‌హామ్. ఈమె చెన్నీనో చెన్నీనీ అనే ఇటలీ చిత్రకారుని పాత గ్రంథాన్ని 1899లో ఇంగ్లీషులోకి అనువదించి, గ్రుడ్డుసొనతో రంగులు కలిపే పద్ధతిని స్వయంగా అభ్యసించిన ప్రతికృతికారిణి. 1909-11 మధ్య రెండు చలికాలాలు అజంతాలో ఉండి నీటిరంగులలో నకళ్ళు తీసినది. ఆమెకు తోడుగా కలకత్తానుండి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హాల్దార్, సమరేంద్రనాథ గుప్త, వెంకటప్ప వచ్చినారు. హైదరాబాదునుండి సయ్యద్ అహమద్, ముహమ్మద్ ఫజలుద్దీన్ వచ్చినారు. ఆ నకళ్ళు 1915లో గ్రంథంగా వెలువడినవి. నందలాల్ బోసు చేతిలో తరువాత కనిపించిన ఆ రేఖాబలం ఈ గోడల ముందు సానపట్టినదని వేరుగా చెప్పనక్కరలేదు.

సయ్యద్ అహమద్ పని అంతటితో ఆగలేదు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోనిది. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తుశాఖకు గులాం యజ్దానీ అధిపతి అయినాడు. సయ్యద్ అహమద్ అజంతాలో క్యూరేటరుగా ఉండి చాలాకాలం నకళ్ళు తీస్తూ వచ్చినాడు. యజ్దానీ సంపాదకత్వంలో అజంతా చిత్రసంపుటాలు 1930 నుండి 1955 వరకు వెలువడినవి. వీనికి రంగుల ఛాయాచిత్రాలు తోడ్పడినవి గనుక, గోడను చూపే పనిలో చేతి నకలుకు అంతటితో ప్రాధాన్యం తగ్గింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో అజంతా బొంబాయి రాష్ట్రంలోనికి, 1960లో మహారాష్ట్రలోనికి పోయింది. కాని నకళ్ళు హైదరాబాదులో ఉండిపోయినవి. పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర ప్రదర్శనశాలలో వానికొక విభాగమే ఉన్నది.

నిప్పు కథ కూడ లండనుతో ముగియలేదు. 1917-18లో అరాయి కంపో అనే జపాను చిత్రకారుడు అజంతాలో నకళ్ళు తీసి టోక్యోకు పంపించినాడు. 1923 నాటి భూకంపంలో, దాని వెంట చెలరేగిన మంటలలో అవి నశించినవి. జపానులోనే హొర్యూజీ ఆలయంలో అజంతాతో పోల్చదగిన పాత కుడ్యచిత్రాలుండేవి. వానికి నకళ్ళు తీయటం 1940లో ఆరంభమయింది. 1949 జనవరి 26న మందిరానికి నిప్పంటుకొని మూలచిత్రాలే మాడిపోయినవి. చిత్రకారులు చలికి వాడిన విద్యుత్ పరికరమే అందుకు కారణమని అనుమానించినారు. ఇక్కడ మూలం పోయి నకళ్ళు మిగిలినవి. 1967-68లో చిత్రకారుల బృందం ఒకటి ఆ నకళ్ళను, పూర్వం తీసిన ఛాయాచిత్రాలను ఆధారం చేసుకొని మందిరం గోడలకు చిత్రాలను తిరిగి వేసినది.

గిల్, గ్రిఫిత్స్ పటాలలో రెండు ప్రమాదాలు దాటిన 166 లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో ఉన్నవి. 1955 తరువాత అవి శాశ్వత ప్రదర్శనలో లేవు. దశాబ్దాలపాటు చుట్టలుగా, చీకటిలో ఉన్న ఈ పటాలను శుభ్రపరచి, కాన్వాసులను సరిచేసే పనిని 2006లో చేపట్టినారు. నకళ్ళకు కూడ ఇప్పుడు వైద్యం కావలసివచ్చినది. వానిమీద కూడ వార్నీషు ఉన్నది, అదీ పచ్చబారినదే.